భూపతన్న గళ్ల కాగితం

ఇప్పుడు మా మెడికల్ షాపులో బీపీ మిషన్లు బిస్కెట్ పొట్లాల పక్కనే వరసగా ఉంటాయి. కొనుక్కుపోయినవాళ్లు వారం తిరక్కుండానే వాటిని బీరువా మీదికి ఎక్కిస్తారు. "ఏమాయె, రోజూ చూసుకుంటున్నవా?" అని అడిగితే, "సెల్లు అయిపోయినయి సేటూ" అని నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. నా కోపం చూసి నా కొడుకు, "నీకెందుకు బాపూ, అమ్ముడుపోయింది గద, ఊకో" అంటాడు. నేను ఊరుకోలేను. అలాంటి మిషను మా వాడకట్టు మొత్తానికి ఒక్కటే ఉన్న రోజుల్లో, దాని ముందు కూర్చోవడానికి జనం తెల్లారేసరికి మొహం కడుక్కుని రావడం నేను చూశాను.

చూడటమేం, మొదట్లో అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది కూడా నేనే. కాబట్టి ఆ మిషను గలాయన సంగతి నేనే చెప్పాలి.

ఆయన పేరు భూపతి. చేనేత పని. మా షాపు వెనక సందులో ఇల్లు, ఇంట్లో మగ్గం. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను భూపతన్నా అని పిలిచేవాణ్ణి, మధుసూదన్ అనే నా పేరు వదిలేసి ఆయన నన్ను సేటూ అనేవాడు. పొట్టి మనిషి. భుజాన తువ్వాల, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలుతో పని ఉండేది. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచిపోయే గొల్లభామ బొమ్మను చీరలో నేయాలంటే ముందు అది గళ్ల కాగితం మీద దిగాలి. ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్క. గడి తప్పితే గొల్లభామకు మెడ వంకర పోతుంది. భూపతన్న గళ్లు నింపుతున్నప్పుడు పక్కన ఇల్లు కూలినా తల ఎత్తేవాడు కాదు.

అప్పుడు మా సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలోనే ఉంది. ఆ సందులో ఇరవై మగ్గాల దాకా ఆడేవి. పొద్దున నేను షట్టరు ఎత్తేసరికే టకటకా టకటకా ఒకటే చప్పుడు. ఎంత అలవాటు పడ్డానంటే, పండుగనాడు మగ్గాలు ఆగితే నాకు చెవులు దిబ్బడ పడ్డట్టు ఉండేది. ఇప్పుడు ఆ సందులో మోటారు సైకిళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

భూపతన్నకు ఒక అన్న ఉండేవాడు, ఎల్లన్న అని. ఎదురిల్లే. ఆయనదీ మగ్గం పనే. ఎప్పుడు చూసినా తలకు తువ్వాల బిగించి కట్టుకుని నేసేవాడు. రెండు రోజులకోసారి మా షాపుకు వచ్చి, "సేటూ, తల పగిలిపోతుంది, గోలీ ఒకటియ్యి" అనేవాడు. ఇచ్చేవాణ్ణి. ఒక్కసారి బీపీ చూపించుకో అని మాత్రం ఎన్నడూ అనలేదు. 1989 ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన మగ్గం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగినట్టు అందరికంటే ముందు పట్టుకున్నది భూపతన్న చెవి. పరుగెత్తిపోయేసరికి ఎల్లన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకున్నవాడు అట్లాగే, నేస్తున్న చీర మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. దవాఖానలో మూడు రోజులున్నాడు. బీపీ బాగా పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు.

దినాలయ్యాక భూపతన్న తనకు తానే పోయి బీపీ చూపించుకున్నాడు. ఆయనకూ ఎక్కువే ఉంది. మందుల చీటీ పట్టుకుని మా షాపుకు వచ్చాడు. అన్నకు నేనిచ్చిన తలనొప్పి గోలీల మాట ఎత్తుతాడేమోనని నాకు లోపల గుబులు. ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకే కొంత తేలికగా ఉండేది.

ఆయన భార్య యాదలక్ష్మికి దేవదాసు అనే తమ్ముడు ఉన్నాడు, దుబాయిలో పని. 1991లో సెలవు మీద వస్తూ, ఏం తేవాలె బావా అని ఉత్తరం రాశాడు. ఆ కాలంలో దుబాయి నుంచి ఎవరు వచ్చినా టేపురికార్డరు, చేతి గడియారం, సెంటు సీసా తెచ్చేవాళ్లు. దండచేతికి కట్టుకుంటే దానంతటదే బీపీ చూసే మిషను అక్కడ దొరుకుతుందని భూపతన్న ఎవరి దగ్గరో విన్నాడు. అది తెమ్మని రాశాడు. "టేపురికార్డరు అస్తది, ఇంత పాటలు ఇందామనుకుంటే, గీ రోగాల డబ్బ తెప్పిచ్చుకున్నడు" అని యాదలక్ష్మి మా ఆవిడ సులోచన దగ్గర మొత్తుకుంది.

బూడిద రంగు డబ్బా, దానికొక గొట్టం, గొట్టం చివర దండకు చుట్టే పట్టీ. బొత్తం నొక్కితే గుయ్యిమంటూ గాలి నిండుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది, చివరికి అంకెలు కనపడతాయి. నేను చూసి నవ్వాను.

"సైకిలు షాపోడు గూడ గిట్లనే గాలి కొడుతడు భూపతన్నా. ఇంతదానికి దుబాయి దాక పోవాల్నా?" అన్నాను.

"సైకిలుకు గాలి దిగితే పక్కకు దిగి నడుస్తం సేటూ. మనిషికి ఎట్ల?" అన్నాడు ఆయన, నవ్వకుండా.

మిషనుతో పాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. సులోచన అప్పటికే బడిలో టీచరు. భూపతన్న దాన్ని ఆమె ముందు పెట్టి, "ఒక్క ముక్క గూడ ఇడవకుంట చదువు టీచరమ్మా" అన్నాడు. ఆమె చదివి తెలుగులో చెప్పింది. చూసే ముందు ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోవాలి. కాళ్లు వేలాడకూడదు. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. మాట్లాడకూడదు. ఆయన అన్నీ విని, ఇంటికి పోయి, తన మగ్గం దగ్గరే దానికి జాగా చేశాడు. మగ్గం గుంత అంచున కూర్చుంటే కాళ్లు గుంతలో నేలకు ఆనుతాయి. నేసిన చీర చుట్టుకునే కర్ర సరిగ్గా గుండె ఎత్తుకు వస్తుంది, దాని మీద చెయ్యి ఆనించుకోవచ్చు. ఐదు నిమిషాలు గడియారం చూసుకునే బాధ కూడా లేదు. పక్కన కూర్చుని రెండు వేళ్ల మందం గుడ్డ నేస్తే ఐదు నిమిషాలైనట్టే.

"నేను రెండు వేళ్ల మందం నేసేదాక నోరు ఇప్పొద్దు" అనేది ఆయన పెట్టిన కట్టుబాటు. మా వాడకట్టులో ఐదు నిమిషాలు నోరు మూసుకోవడం అంటే మాటలా! కొమురవ్వ అని ఒక ముసలామె ఉండేది. మూడో నిమిషంలో ఆమెకు కోడలు యాదికొచ్చేది. "గది కాదు భూపతీ, పొద్దుగాల మా కోడలు ఏమన్నదో ఎరుకనా" అని మొదలుపెట్టేది. ఆయన ఏమీ అనకుండా చీర మీద సుద్దతో కొత్త గుర్తు పెట్టి మళ్లీ మొదటి నుంచి నేసేవాడు. కొమురవ్వ బీపీ చూసిన రోజు ఆయనకు జానెడు చీర ఎక్కువ నేత పడేదని సందంతా చెప్పుకునేవాళ్లు.

నెలకోసారి ఆ డబ్బాను తువ్వాలలో చుట్టుకుని పాత బస్టాండు దగ్గరున్న డాక్టరు కాశీనాథం దవాఖానకు పోయేవాడు. డాక్టరు పాదరసం మిషనుతో ఒకసారి, తన డబ్బాతో ఒకసారి తన చెయ్యే చూపించుకుని రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకునేవాడు. డాక్టరు మొదట విసుక్కున్నాడు. తర్వాత తర్వాత, "ఈ నెల ఇంక రాలేదేంది మన భూపతి?" అని ఆయనే కాంపౌండరును అడిగేవాడట.

ఇన్ని చేసినా నేను మాత్రం మా ఇంటివాళ్లను అక్కడికి పోనివ్వలేదు. మందుల షాపు నాది, జనం అడిగేది మగ్గం నేసేవాణ్ణి. అసూయ అనుకోండి. ఇప్పుడు దాచుకుని చేసేదేముంది?

మా అమ్మ పేరు పద్మమ్మ. అప్పటికి అరవై ఒకటో ఏడు. అమ్మకు బీపీ ఉందని 1991 చివర్లో తెలిసింది. మా షాపుకు మంగళవారం సెలవు. అందుకని నెలకోసారి మంగళవారం పొద్దున్నే, అమ్మ ఒట్టి చాయ తాగగానే, డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మొదటి నంబరు పట్టేవాణ్ణి. మొదట ఒక గోలీ ఇచ్చాడు. నెల తర్వాత చూస్తే తగ్గలేదు. పెద్ద గోలీ రాశాడు. తగ్గలేదు. రెండో రకం గోలీ కలిపాడు. ఇంటికి వచ్చి తిన్నాక అమ్మ గోలీలు వేసుకునేది. గోలీల డబ్బా ఆమె దగ్గరే ఉండేది. ఎన్నడూ మరిచిపోయిందని లేదు.

1992 వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నల్లా దగ్గర బిందె నింపుతూ అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. నుదురు గద్దెకు తగిలి చిట్లింది. నేను షాపు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ సులోచన ఒళ్లో తల పెట్టుకుని ఉంది, మొహం సున్నం లాగా తెల్లబడింది. నాకు ఎల్లన్న కళ్లముందు ఆడాడు.

ఆ మంగళవారం డాక్టరు చూస్తే నూట ఎనభై నాలుగు. మూడో గోలీ రాస్తూ నన్ను పక్కకు పిలిచాడు. "మధుసూదన్, రెండు గోలీలతోటి గూడ తగ్గలేదంటే మామూలు సంగతి కాదు. ఇట్లనే ఉంటే ఏ రోజైనా పక్షవాతం రావచ్చు. వచ్చే నెలకు తగ్గకపోతే హైదరాబాద్ తీసుకపో" అన్నాడు.

అమ్మను ఇంట్లో దింపి, సెలవైనా షట్టరు సగం ఎత్తి మూడో గోలీ వెతుక్కుంటున్నాను. భూపతన్న తన మందుల కోసం వంగి లోపలికి వచ్చాడు. నా మొహం చూసి అడిగాడు. చెప్పాను.

"జర ఆగు సేటూ. పెద్దమ్మ పడ్డది శుక్రవారం. డాక్టరు చూసింది మంగళవారం. పడ్డనాడు బీపీ ఎక్కువైందో తక్కువైందో ఎవరు చూసిన్రు?" అన్నాడు.

"ఎక్కువుంటేనే గద గిన్ని గోలీలు ఇస్తున్నరు! నువ్వేమన్న డాక్టరువా?" అని అరిచాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"డాక్టరును కాదు. మా అన్నకు పడకముందు ఎవ్వరు చూడలే సేటూ. గందుకే అంటున్న" అన్నాడు.

షట్టరు దించాను. ఇద్దరం కలిసి మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఆలోచించి, "సరే, రెండు వారాలు ఉన్న గోలీలే వేసుకోనీ. రోజూ పొద్దుగాల చూడు భూపతీ. రెండొందలు దాటితే మాత్రం ఆ నిమిషమే తీసుకరావాలె" అన్నాడు.

మర్నాటి నుంచి అమ్మ పొద్దున్నే చీర కుచ్చెళ్లు సవరించుకుని వెనక సందుకు బయలుదేరేది. నేను తోడు పోయేవాణ్ణి. నాకు భూపతన్న మీద ఇంకా కోపమే గానీ, ఆ మగ్గం మీది చీరంటే అమ్మకు చెప్పలేని మురిపెం. నోరు మెదపకూడదు కదా, నిన్నటికి ఇవాళ్టికి గొల్లభామ ఎంత నడిచిందో చూస్తూ కూర్చునేది. చూడటం అయిపోగానే భూపతన్న అమ్మ పేరు రాసిన గళ్ల కాగితం తీసి, ఆ రోజు అంకెకు సరిపడా గడిని పెన్సిలుతో నింపేవాడు. అడ్డంగా రోజులు, నిలువుగా బీపీ. వాడకట్టులో ఒక్కొక్కరికి ఒక్కో కాగితం ఉండేది.

"అంకెలు రాసుకుంటే సరిపాయె గద" అన్నాను ఒకరోజు.

"అంకె నాకు యాదికుండదు సేటూ. బొమ్మైతే ఉంటది" అన్నాడు.

ఒకనాడు నూట పది, ఒకనాడు నూట డెబ్బై ఎనిమిది. ఇంకో రోజు నూట నాలుగే. డబ్బా చెడిపోయిందని నాకు నమ్మకం కుదిరింది. రెండు వారాలు గడిచిన మంగళవారం సాయంత్రం భూపతన్న మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"చూడు" అన్నాడు.

"చూసేదేముంది, ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది. నీ మిషను పాడైంది భూపతన్నా."

"మిషను పాడైతే ఎటుపడితే అటు పోవాలె. మగ్గం మీద నా చెయ్యి తప్పితే తప్పు ఒక్కతాన పడతది, మళ్ల పడదు. గీడ చూడు. ఆదివారం లేసింది. సోమవారం దిగింది. మంగళవారం మళ్ల లేసింది. బుధవారం నించి దిగుకుంట దిగుకుంట శుక్రవారం నాటికి అడుగుకు పోయింది. పక్క వారం గూడ అచ్చం గిదే. గిది తప్పు గాదు సేటూ. తిరిగి తిరిగి అదే జాగల వస్తుందంటే ఎవలో నేస్తున్నరు."

వంగి చూశాను. నిజమే. రెండు వారాల్లో నాలుగు శిఖరాలు, నాలుగూ ఆది, మంగళవారాలే. శుక్రవారం గడులు కాగితం కింది అంచును పట్టుకుని ఉన్నాయి. నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోయిన ప్రతి రోజూ మంగళవారం. అమ్మ పడ్డది శుక్రవారం. అంటే బీపీ ఎక్కువై కాదు, బాగా తక్కువై పడింది.

"ఆదివారానికి ముందు రోజు ఏంది? మంగళవారానికి ముందు రోజు ఏంది?" అన్నాడు భూపతన్న మెల్లగా.

శనివారం, సోమవారం. మా ఇంట్లో శనివారం, సోమవారం అమ్మకు ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినదు, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కపూట భోంచేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. గోడ మీది గడియారం లాంటిది, ఉందన్న సంగతి కూడా నాకు గుర్తుండేది కాదు.

అమ్మను పిలిచాను. వత్తులు చేసుకుంటున్నదల్లా దూది చేతిలో పట్టుకునే వచ్చింది.

"అమ్మా, శనివారం గోలీలు ఏసుకుంటవా?"

"శనివారం ఎట్ల ఏసుకుంట? ఒక్కపొద్దు గద."

"సోమవారం?"

"సోమవారం గూడ ఒక్కపొద్దే గద. ఏందిరా, ఇంట్ల కొత్తగ వచ్చినోని లెక్క అడుగుతున్నవ్?"

"వారానికి రెండు రోజులు గోలీలు ఏసుకోకపోతే ఎట్లమ్మా! డాక్టరు ఎన్ని గోలీలు పెంచిండు! నువ్వు చచ్చిపోయేదానివి ఎరుకనా!" నా గొంతు నాకే వికారంగా వినపడింది.

అమ్మ బిత్తరపోయింది. లోపలికి పోయి గోలీల డబ్బా తెచ్చింది. అందులోంచి కాగితం కవరు తీసి నా ముందు పెట్టింది. మా షాపు కవరు. దాని మీద నేను స్వయంగా, గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాను: పొద్దున, తిన్న తర్వాత, 1.

"నేనేం తప్పు చేసిన్రా? తిన్న తర్వాత అని రాసినవ్. తిననినాడు ఎట్ల ఏసుకోవాలె?"

"మరి రాత్రి తిన్నంకనన్న ఏసుకోవద్దా?"

"పొద్దున అని గూడ నువ్వే రాస్తివి."

సులోచన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

అమ్మ బడికి పోలేదు. నేను ఒకటో తరగతిలో పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని, నాతోపాటే, నా అక్షరాలే నేర్చుకుంది. ఇంకెవరి రాతా ఆమెకు సరిగా చదవరాదు. "డాక్టరు నోటితోటి వంద చెప్తడు, నాకు యాదికుండయి. నీ రాతైతే చదవొస్తది. దాని మీదనే నడిచిన" అంది, కవరు మీద వేలు పెట్టి.

ఆరు నెలలుగా అమ్మకు ఆపద తెస్తున్నది నా చేతిరాతే. ఎల్లన్నకు చెప్పవలసింది చెప్పలేదు. అమ్మకు రాయవలసింది రాయలేదు. సిగ్గు కోపంగా మారి, "రేపటి నించి ఆ ఒక్కపొద్దులు ఇడిచిపెట్టు" అన్నాను.

అమ్మ మొహం మాడిపోయింది. "సేటూ, నువ్వు జర ఊకో" అన్నాడు భూపతన్న. తర్వాత అమ్మే అంది.

"నీకు ఐదేండ్లప్పుడు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు కండ్లు తెరువలే. నాటు వైద్యుడు, దవాఖాన, ఎవ్వరు ఆశ చెప్పలే. అప్పుడు మొక్కిన. వీడు బతికితే, బతికినన్ని రోజులు శనివారం, సోమవారం ఒక్కపొద్దు ఉంట అని. ఎవ్వరికి చెప్పలే, మీ బాపుకు గూడ. ఇడిచిపెట్టు అంటున్నవ్. ఏం ఇడిచిపెట్టమంటున్నవో నీకెరుకనా బిడ్డా?"

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా వారానికి రెండు రోజులు అమ్మ నా కోసం పస్తుంటున్నదని నాకు అప్పుడు తెలిసింది. పరాయివాళ్ల ముందైతే ఆపుకునేవాణ్ణేమో. ఉన్నది భూపతన్నే కాబట్టి ఏడ్చేశాను.

ఆయన మాత్రం కాగితం మీదే చూపు పెట్టి ఉన్నాడు. "పెద్దమ్మా, ఒక్కపొద్దునాడు గూడ దీపం పెట్టినంక తింటవు గద?" అన్నాడు.

"తింట."

"మిగిలిన రోజులు గూడ రాత్రి తింటవు?"

"తినకుంట ఎట్లుంట?"

"అయితే గోలీని పొద్దుటి నించి రాత్రికి జరుపుదాం. మొక్కు మొక్కు లెక్కనే ఉంటది. డాక్టరు ఒప్పుకుంటే సరి."

ఇంత చిన్న ఉపాయం మందుల షాపువాడికి తట్టలేదు. మర్నాడు డాక్టరు కాశీనాథం ఆ గళ్ల కాగితాన్ని కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు. "నేను ఇన్ని నెలలు మీ అమ్మకు కాదు మధుసూదన్, మంగళవారానికి మందిచ్చిన" అన్నాడు. రెండో గోలీ తీసేశాడు, మొదటిది చిన్నది చేసి రాత్రికి మార్చాడు, రోజూ చూపించమన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేముందు భూపతన్నను కుర్చీలో కూర్చోబెట్టి చాయ తెప్పించాడు.

ఆ సాయంత్రం అమ్మ కొత్త కవరు నా ముందు పెట్టి, "రాయి" అంది. రాశాను: రోజూ రాత్రి, తిన్న తర్వాత, 1. ఒక్కపొద్దునాడు కూడా. అమ్మ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదువుకుని, డబ్బాలో పెట్టుకుంది.

నెల తిరిగేసరికి గళ్లన్నీ నూట ముప్పై దగ్గర ఒకే వరసలోకి వచ్చాయి. "సాదా అంచు వచ్చింది పెద్దమ్మా. చూడనీకి కళ లేదు గని, ఉండనీకి గిదే మంచిది" అన్నాడు భూపతన్న. అమ్మ మళ్లీ ఎన్నడూ పడలేదు.

అప్పటి నుంచి మా షాపులో కవరు మీద రాసేముందు నేను ఒక మాట అడుగుతాను. ఏ వారం ఒక్కపొద్దు ఉంటవమ్మా? రంజాన్ నెలలో, రోజా ఉంటున్నరా భాయ్? కొత్తవాళ్లు విచిత్రంగా చూస్తారు. చూడనీ.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. సందులో సగం మంది బొంబాయి దగ్గరి భీవండికి, కరెంటు మగ్గాల పనికి పోయారు. 1997లో భూపతన్న కూడా మగ్గం విప్పేశాడు. కూతురు, అల్లుడు అక్కడే ఉన్నారు, ఆయన, యాదలక్ష్మి వాళ్ల దగ్గరికి ప్రయాణం కట్టారు. పోయే రోజు పొద్దున అమ్మ అలవాటు ప్రకారం వెళ్లింది. నేనూ వెళ్లాను. గది ఖాళీగా ఉంది, గుంత ఒక్కటి మిగిలింది. అమ్మ దాని అంచున కూర్చుని కాళ్లు లోపల పెట్టింది. చెయ్యి ఆనించడానికి కర్ర లేదు, భూపతన్న తన పెట్టె నిలబెట్టి దాని మీద ఆనించాడు. నేయడానికి ఏమీ లేదు. ముగ్గురం ఊరికే కూర్చున్నాం. ఆ ఐదు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉన్నాయో చెప్పలేను. నూట ముప్పై రెండు వచ్చింది. ఆయన గడి నింపి, కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టాడు.

"ఇంక నన్నెవరు కూసోబెడుతరు బిడ్డా?" అంది అమ్మ.

"సేటు ఉన్నడు గద" అన్నాడు ఆయన, నా వైపు చూసి. ఎల్లన్న పోయిన తర్వాత ఎనిమిదేళ్లలో ఆయన నా మీద పెట్టిన పని అది ఒక్కటే.

ఆ వారమే హైదరాబాద్ పోయి మిషను కొన్నాను. పొద్దున ఏడింటికి అమ్మ గదిలోకి పోయి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన కూర్చునేవాణ్ణి. నాకు నేయడం రాదు. ఐదు నిమిషాలు చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. షట్టరు ఎత్తే వేళ, తల నిండా తొందర. మొదట్లో కాలు ఊపుతూ గడియారం చూసేవాణ్ణి. మెల్లమెల్లగా చూడటం మానేశాను. అమ్మ మాట్లాడకుండా నా మొహమే చూస్తూ కూర్చునేది, ఒకప్పుడు మగ్గం మీది చీరను చూసినట్టు. నా జన్మ మొత్తంలో పనీ పాటా లేకుండా అమ్మ దగ్గర ఊరికే కూర్చున్నది ఆ ఐదు నిమిషాలే. అట్లా ఏడేళ్లు కూర్చున్నాను.

అమ్మకు పక్షవాతం రాలేదు. డెబ్బై మూడేళ్లకు నిద్రలో పోయింది. కర్మలన్నీ అయిన మర్నాడు పొద్దున ఏడింటికి, నేను మిషను పట్టుకుని ఆమె గదిలోకి పోయాను. కుర్చీ చూశాక గానీ గుర్తు రాలేదు. వెనక్కి రాబుద్ధి కాలేదు. పక్కన నా జాగాలో నేను కూర్చుని, ఐదు నిమిషాలు అయ్యేదాకా నోరు విప్పలేదు.